ఇరవై తలల సీసం

వెంట్రుకలు అడుగుతా వచ్చిన పిల్ల కాలేజీ పిల్లే కాదంట, చేతబడి చేసేవాళ్ళ తాలూకంట. ఎదురింటి అంకాలమ్మకు చేపలమ్మే మనిషి ఎవరో చెప్పిందంట. సుభాషిణి ఆ కబురు మోసుకొచ్చి మొగుడి ముందు దించింది.

"నీ తలవెంట్రుక ఒక్కటి గడప దాటినా నేనొప్పుకోనయ్యా."

"చేతబడేందే, ఈ కాలంలో! వెంట్రుకలో ఉండేది గంధకం" అన్నాడు కిషోర్ బాబు. ఆయన కెమిస్ట్రీలో బీఎస్సీ. పైగా ఊరి కమిటీకి సెక్రటరీ. ఊరి పక్కన పాత బ్యాటరీలు కరిగించి సీసం తీసే ఫ్యాక్టరీ రెండో కొలిమి పెడతానంటోంది. జనం ఒంట్లో సీసం చేరిందని తేలితేనే అది ఆగుతుంది. చేరిన సీసం జుట్టులో తెలుస్తుందని నెల్లూరు కాలేజీ నుంచి షారన్ అనే ఆ పిల్ల వచ్చి, ఇరవై ఇళ్ళకు ఇరవై కవర్లు పంచింది. మెడ వెనక కత్తిరించి సాయంత్రానికి ఇమ్మంది.

కిషోర్ బాబు వీధి వీధికీ గంధకం పాఠం చెప్పొచ్చి, అద్దం ముందు కత్తెర పట్టుకున్నాడు. చెయ్యి మెడ దాకా పోయి వెనక్కొచ్చింది. బీఎస్సీ తలకే గానీ చేతికి లేదు గదా.

పెరటి దోవన పెంచల్ సెలూన్‌కు పోయాడు.

"పెంచలా, నీకాడ కత్తిరించిన వెంట్రుకలు కాసినుంటే..."

పెంచల్ ఎందుకని అడగలేదు. అప్పటికే కట్టిపెట్టిన పొట్లం ఒకటి తీసిచ్చాడు. "ఇది చాలా అన్నా?"

నెల తిరిగాక షామియానా కింద రెండో కొలిమి మీద ఆర్డీవో విచారణ. షారన్ లేచి చదివింది. "ఇరవై కవర్లలోనూ ఉండాల్సినదానికి ఎనిమిది రెట్లు సీసం ఉంది సార్." జనం చప్పట్లు కొట్టారు. "కానీ ఇరవైటికీ ఇంచుమించు ఒకటే లెక్క వచ్చింది."

చప్పట్లు ఆగిపోయాయి. కిషోర్ బాబు ఓరగా చూశాడు. ప్రెసిడెంటు, హెడ్మాస్టరు, ఆఖరికి అంకాలమ్మ కూడా కాళ్ళకేసి చూసుకుంటున్నారు. ఊరినంతా ఒక్కతాటి మీదికి తెచ్చానని ఇన్నాళ్ళూ విర్రవీగాడు. తెచ్చింది ఒక్క తల మీదికి!

ఫ్యాక్టరీ మేనేజరు క్రాంతి కుమార్ పకపకా నవ్వాడు. "అంతా ఒకడి జుట్టే సార్! ఎవడో పెయింటర్‌ది తెచ్చుంటారు, రంగుల్లో సీసం ఉంటుంది గదా. మా పొగ ఎవరినీ ఏమీ చెయ్యదు. పన్నెండేళ్ళుగా ఆ ఆవరణలోనే ఉంటున్నా, నన్ను చూడండి."

"ఎవరివయ్యా ఆ వెంట్రుకలు?" ఆర్డీవో గద్దించాడు.

కిషోర్ బాబు లేచాడు. "నావి కావు సార్. ఊరికి ధైర్యం చెప్పి, నేను భయపడి, పెంచల్ కాడ తెచ్చుకున్నా."

ఇంకెవరూ లేవలేదు. అందరూ పెంచల్ వైపు తిరిగారు. పెంచల్ చేతులు కట్టుకుని మేనేజరుకేసి చూశాడు.

"చేతబడంటే నాకూ భయమే సార్. ఊరోళ్ళవి ఇయ్యబుద్ధి కాలా. ముందురోజు మీ క్వార్టర్స్‌కొచ్చి మీకు కటింగు చేసినా గదా, అయ్యే ఇచ్చినా."