పిచ్చుకకు పాఠాలు

అత్తగారి మీద కోడలికి ఉన్న ఫిర్యాదు ఒక్కటే. చేతిలో ఫోను ఉంటే ఆవిడకు కుక్కర్ కూత వినపడదు.

"ఈ వయసులో ఏం ఆటలో ఏమో!" అని మొగుడి దగ్గర గొణిగేది.

అలాగని తను తక్కువేం కాదు. ఎగుమతుల కంపెనీలో ఉద్యోగం కోసం ఫోనులో ఒక యాప్ పెట్టుకుని వ్యాపార ఇంగ్లీషు నేర్చుకుంటోంది. మొదటి ఇంటర్వ్యూలో మాట గొంతు దాటలేదు. మళ్లీ రమ్మన్నారు. ఇదీ పోతే ఇక పిలవరు.

"నేను చెప్పనా?" అన్నారు అత్తగారు. ఆవిడ ఓడల కంపెనీలో స్టెనోగా చేసి రిటైరయ్యారు.

"అయ్యో, మీకెందుకు శ్రమ అత్తయ్యా!"

"బతికిపోయావమ్మా," అన్నారు మామగారు. "పెళ్లికి ముందు నేను రాసిన ప్రేమలేఖని ఎర్రసిరాతో దిద్ది పంపింది మీ అత్తయ్య."

అత్తగారు ఆ మాట పట్టించుకోలేదు. "ఇంతకీ ఆ యాప్‌లో నీ పేరేం పెట్టుకున్నావ్?"

"రాకెట్!"

మర్నాడే రాకెట్‌కి రిక్వెస్ట్ వచ్చింది. 'పిచ్చుక' అనే పేరుతో ఎవరో జతగా చదువుకుందామన్నారు. సరేనంది కోడలు.

పిచ్చుకది వట్టి మట్టిబుర్ర.

"క్వొటేషన్‌కీ ఇన్వాయిస్‌కీ తేడా ఏంటండీ?" అని టైపు చేసేది.

"సరుకు పంపకముందు ఇంతవుతుందని చెప్పేది క్వొటేషన్. పంపాక ఇంత కట్టమనేది ఇన్వాయిస్."

"బుర్రకెక్కలేదు. ఇంగ్లీషులో, మీ గొంతుతో చెప్పి పంపండి."

కోడలు తిట్టుకుంటూనే చెప్పేది. కూరలు తరుగుతూ, బట్టలు ఆరేస్తూ, చెప్పిందే చెప్పేది.

"ఆ మొద్దుకి చెప్పలేక నా నోరు పడిపోతోంది!" అంది ఒకరోజు భోజనాల దగ్గర.

అత్తగారికి పొలమారింది.

ఇంటర్వ్యూలో ఏదడిగినా నోరు దానంతటదే తెరుచుకుంది. ఉద్యోగం వచ్చింది.

ఆ సంగతి పిచ్చుకకు ఒక్క ముక్కలో చెప్పి, జతలోంచి తీసి పారేసింది. "హమ్మయ్య, పీడ వదిలింది!"

సాయంత్రం కుక్కర్ కూసింది. వింతగా అత్తగారికి వినపడింది. ఫోను బల్ల మీద వదిలి వంటింట్లోకి వెళ్లారు.

కోడలి కళ్లు తెర మీద పడ్డాయి. "శభాష్ రాకెట్! ఇక నాకెవరు చెబుతారండీ?" అనే సందేశం చేరక, అక్కడే ఆగిపోయి ఉంది. పైన పేరు: పిచ్చుక.

ఆ ఫోను పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వెళ్లింది.

"మామయ్యగారి ప్రేమలేఖనే వదలని మీరు, నా చేత మొద్దు అనిపించుకున్నారా? తప్పు నాది అత్తయ్యా. మట్టిబుర్ర నాదే."