రాయిలో బొట్టు

పగులు అతికించుకుని గంగమ్మ విగ్రహం కళింగపట్నం తిరిగొచ్చిన పొద్దున, పీట ఎక్కించేముందు స్నానం చేయించడానికి జగ్గమ్మ గుడిలో కూర్చుంది.

విగ్రహాన్ని తెచ్చిన మురళీమోహన్ అంటే ఆమెకు మొదటినుంచీ పడదు. రెండు నెలల కిందట అతను అన్ని వైపుల నుంచీ మూడొందల ఫోటోలు తీసి, వాటితో కంప్యూటర్లో అమ్మవారి బొమ్మ కట్టాడు. తెర మీద వేలితో తిప్పితే అమ్మవారి వీపు కూడా కనిపించింది. ఊరంతా మురిసిపోయింది. ఆ తర్వాతే, పగులు అతికిస్తానని విగ్రహాన్ని వ్యానులో పట్టుకుపోయాడు.

"తొందరగా కానివ్వమ్మా, నేను వెళ్లాలి," అన్నాడు గుమ్మంలోంచి.

"ముప్పయ్యేళ్లుగా కడుగుతన్నాను. నువ్వు సెప్పక్కర్లేదు."

నుదుట బొట్టు కడగబోతే వేలికి గట్టిగా తగిలింది. గోటితో గీకితే ఎరుపు పోయింది గాని బొడిపె పోలేదు. దాని మీద బొటనవేలి నొక్కు కూడా ఉంది. ఫోటోలు తీసిన రోజు తను అద్దిన కుంకుమ ముద్ద అది. ఇప్పుడు రాయి.

"ఇలా వచ్చి సూడు."

అతను లోపలికి వచ్చాడు. "అతికించినప్పుడు గట్టిపడి ఉంటుంది," అన్నాడు, సరిగా చూడకుండానే.

"ఆ కంప్యూటరు బొమ్మని బట్టి మిషను మీద ఇంకో రాయి సెక్కించినావు. ఏది కుంకమో ఏది అమ్మోరో ఫోటోకేటి తెలుస్తాది? నా కుంకం కూడా సెక్కించేసినావు. మా అమ్మోరు ఏదిరా?"

జగ్గమ్మ లేచి బయటికి వచ్చి, అతను లోపల ఉండగానే తలుపు మూసి గొళ్లెం వేసింది.

"అమ్మోరు వచ్చినదాకా ఆ పీట మీద నువ్వే కూకో."