అల్లుడి తలలో పురుగు

తాంబూలాలు పుచ్చుకుంటారనగా కాబోయే అల్లుడు హరిచరణ్ కుర్చీలోంచి జారి కిందపడ్డాడు. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. నోట్లోంచి నురగ వచ్చింది.

ఎవరో తాళాల గుత్తి అందించారు. ఇంకెవరో ఉల్లిపాయ తెమ్మన్నారు. పెళ్లికూతురు లహరి “హరీ!” అని కేక పెట్టి పరుగున వచ్చింది. అందర్నీ వెనక్కి నెట్టి, అతన్ని పక్కకి తిప్పి పడుకోబెట్టింది.

అంత గాభరాలోనూ కూతురికి దేవుడు గుర్తొచ్చినందుకు భవానీప్రసాద్ లోలోపల మురిసిపోయాడు.

భవానీప్రసాద్‌ది చిల్లకల్లు. పొలం కౌలుకిచ్చేశాక ఆయనకి తోచక వంటింటి మీద పడ్డాడు. భార్య కమలాకుమారిని గరిటె ముట్టుకోనివ్వడు. పులిహోర గరిటెతో కలిపేవాళ్లంటే ఆయనకి జాలి. చేత్తో కలిపితేనే ముద్దకి రుచి అంటాడు. వేదాద్రి నరసింహస్వామికి మొక్కుకుని మాంసం మానేశాడు. ఆ సంగతి అడగనివాళ్లకి కూడా చెబుతాడు. ఆదివారం వస్తే మాత్రం మామిడితోటలో మోటారు చూసొస్తానని ఒక్కడే బయల్దేరతాడు. తిరిగొచ్చాక ఆకలి లేదంటాడు.

“మోటారు చూస్తే కడుపు నిండుద్దా ఎవరికైనా!” అని కమలాకుమారి నవ్వుతుంది.

లహరి నందిగామ కాలేజీలో జువాలజీ చెబుతుంది. రోజూ ఆమెకి కేరేజీ కట్టేది తండ్రే. సాయంత్రానికి అది తుడిచినట్టు ఖాళీగా తిరిగొస్తుంది. అయినా పిల్ల గుమ్మంలోనే చెప్పులు విడుస్తూ “అమ్మా, అన్నం పెట్టు” అంటుంది.

“మీ వంట మరీ తేలిగ్గా అరిగిపోతోందండీ,” అంటుంది తల్లి.

హరిచరణ్‌ని విజయవాడ తీసుకెళ్లి తలకి స్కాన్ తీయించారు. డాక్టర్ క్రాంతికుమార్ ఫిల్మ్‌ని వెలుతురుకి పట్టి చూపించాడు.

“మెదడులో చిన్న తిత్తి ఉందండీ. పందుల్లో ఉంటుందే, ఆ బద్దెపురుగు పిల్ల. కంగారేం లేదు. మందులతో పోతుంది. పెళ్లి కూడా చేసుకోవచ్చు.”

“పందా?” భవానీప్రసాద్ లేచి నిలబడ్డాడు. “కుర్రాడు పందిని తింటాడని మధ్యవర్తి ఒక్క ముక్క చెప్పలేదే!”

“తినక్కర్లేదండీ. సరిగా ఉడకని పందిమాంసం తిన్నవాడికి కడుపులో పురుగు పెరుగుతుంది. దాని గుడ్లు దొడ్డికెళ్లినప్పుడు బయటికొస్తాయి. వాడు సబ్బుతో చేతులు కడుక్కోకుండా ఇంకొకరికి అన్నం కలిపి పెట్టాడనుకోండి, అవి వాళ్ల తలకెక్కుతాయి.”

“అంటే తిన్నవాడికి కడుపులోనూ, తిననివాడికి తలకాయలోనూనా? ఇదెక్కడి న్యాయమండీ!”

“న్యాయం సంగతి తర్వాత. ముందు ఆ పెట్టినవాణ్ణి పట్టుకోవాలి. వాడి కడుపులోది మాత్రతో పోతుంది. పట్టుకోలేదో, ఇంకా ఎంతమంది పడిపోతారో చెప్పలేం.”

ఆ పని భవానీప్రసాద్ నెత్తినేసుకున్నాడు. ఆ మనిషి దొరికేదాకా తాంబూలాల మాట ఎత్తొద్దన్నాడు.

హరిచరణ్ నందిగామలో బ్యాంకు ఉద్యోగి. ఉండేది గదిలో, తినేది రత్నమణి మెస్సులో. మెస్సు వెనక సందులో బెన్ని అనే అతను పెంచే పందులు తిరుగుతుంటాయి. వాటిని చూడగానే భవానీప్రసాద్‌కి దొంగ దొరికినంత సంబరమైంది.

“ముందు వీటిని ఊరు దాటించాలి!”

“వాటికి అంటించింది మనమే నాన్నా,” అంది వెంట వచ్చిన లహరి. “ఆరుబయట దొడ్డికెళ్తే అవి తింటాయి. ఆ మాంసం సగం సగం ఉడికించుకుని మళ్లీ మనం తింటాం. గుడ్లు పెట్టే పురుగుండేది మనిషి కడుపులోనే.”

“అయితే మనిషినే పట్టుకుందాం పద,” అని ఆయన మెస్సులో దూరాడు. గరిటెలు వాసన చూశాడు. కుళాయి దగ్గర సబ్బుని గోటితో గీకి, తడిగానే ఉందని తేల్చుకున్నాడు.

రత్నమణి నడుం మీద చెయ్యేసుకుని చూస్తోంది.

“ఏడు తరాలు చూసే పెళ్లివారిని చూశా గానండీ, సబ్బు చూసేవాళ్లని మిమ్మల్నే చూస్తున్నా బాబాయిగారూ!”

అయినా మంచి మనిషి. మలపరీక్షకి తనూ ఇచ్చింది, వడ్డించేవాళ్ల చేతా ఇప్పించింది. బెన్ని కూడా వచ్చి ఇచ్చాడు. హరిచరణ్ సరేసరి.

రిపోర్టులు వచ్చాయి. ఎవరి కడుపులోనూ ఏమీ లేదు.

ఆ రోజు నుంచి లహరి నోట మాట తగ్గింది. కేరేజీ వద్దంది. కాలేజీ క్యాంటీన్ బాగుందంది. ఆ మాటకి తండ్రి మనసు నొచ్చుకుంది గానీ, అంతకంటే పెద్ద దిగులు వేరే ఉంది. సంబంధం తేలడం లేదు. హరిచరణ్ వాళ్ల నాన్న ఫోన్ చేసి, మీకు ఇష్టం లేకపోతే చెప్పెయ్యండని మర్యాదగానే అన్నాడు.

ఆ సాయంత్రం భవానీప్రసాద్ తల్లీకూతుళ్లని ఎదురుగా కూర్చోబెట్టాడు.

“మెస్సులో లేదంటే ఏంటర్థం? ఆ కుర్రాడు ఇంకెక్కడో తింటున్నాడు. ఎక్కడంటే నీళ్లు నముల్తున్నాడు. అదీ నా అనుమానం.”

“పోనీలెద్దురూ,” అంది కమలాకుమారి. “దొరికితే మాత్రం ఏం చేస్తారు? ఓ మాత్ర మింగిస్తారు, అంతేగా.”

“అంతేనా? పైకి పెద్దమనిషిలా ఉంటూ, చాటుగా పందిమాంసం మెక్కి, చేతులు కడుక్కోకుండా పరాయి బిడ్డకి అన్నం కలిపి పెడతాడా? వాడు దొరకనీ! నలుగుర్లో నిలబెట్టి కడిగెయ్యకపోతే నా పేరు భవానీప్రసాదే కాదు. లహరీ, నువ్వు చెప్పమ్మా, తప్పా?”



“హరి మెస్సులో తినేది రాత్రిపూటే నాన్నా,” అంది లహరి మెల్లగా, “మధ్యాహ్నం మూడేళ్లుగా తిన్నది నువ్వు కట్టిచ్చే నా కేరేజీయే.”