ఆఖరి గది

"గదుల్లేవండీ" అంటూ నాలుగో హోటల్ వాళ్లు కూడా తల అడ్డంగా ఊపారు. పరాయి దేశం, జోరువాన, రెండు పెట్టెలు, పక్కన మా ఆవిడ.

"ముందే బుక్ చేసుకుని ఉంటే..." అంది.

"బుకింగులు పిరికివాళ్లకి. ప్రతి ఏడూ ఏ ఊరెళ్లినా ఆఖరి గది ఎవరికి దొరుకుతోంది? నాకే! నక్క తోక తొక్కినవాణ్ణి."

"అయితే ఆ పక్క సందులో ఇంకోసారి తొక్కండి."

సందు చివర చిన్న హోటల్ కనిపించింది. మీసం మెలేసి, "గది ఉందా?" అన్నాను.

"ఒక్కటే ఉందండీ. కానీ అది ఎవరో మేడమ్ ఎప్పుడో బుక్ చేసి పెట్టుకున్నారు" అంది కౌంటర్ దగ్గరమ్మాయి.

నేను ఉసూరుమనేలోపే మా ఆవిడ తన పాస్‌పోర్టు తీసి కౌంటర్ మీద పెట్టింది.

అమ్మాయి పేరు సరిచూసి తాళంచెవి ఆవిడకిచ్చింది. "అంటే, పోయినేడు దొరికిన ఆఖరి గది..." అని నసిగాను.

"ఆఖరిది కాదండీ, మనదే."

"మరి వానలో నాలుగు హోటళ్లు ఎందుకు తిప్పావ్?"

"మొదటి దాంట్లోనే దొరికితే ఇక మీ గొప్పేముంటుంది?" అంది, కొంగుతో నా తల తుడుస్తూ.

రెండు పెట్టెలూ నేనే పైకి మోశాను. ఆ పనికి మాత్రం బుకింగ్ అక్కర్లేదు.