రోజూ ఎనిమిదింటికి పిలుపు

ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడు జోగినాయుడు. విజయనగరమంతా తమ పనులు అప్పగించే వెబ్ పేజీని తయారుచేసింది అతనే. ఏ పని, ఏ వేళకి, ఎన్నిసార్లు అని నింపితే చాలు, ఫోన్‌లో మన గొంతుతోనే మాట్లాడి అదే చక్కబెడుతుంది.

చెల్లెలు నూకరత్నం పెళ్లికి మేనమామను పిలిచే పనీ దానికే అప్పగించాడు. 'ఎన్నిసార్లు' అన్నచోట 'రోజూ' అని ముందే ఉంటుంది. అలా పెట్టిన మహానుభావుడే దాన్ని మార్చడం మరిచిపోయాడు. పదకొండు రోజులు, రోజూ ఎనిమిదింటికి, పిలుపు వెళ్లింది. పదకొండు రోజులూ "తప్పకుండా వస్తాం" అని జవాబొచ్చింది. మావయ్య మర్యాదకు జోగినాయుడు మురిసిపోయాడు కూడా.

పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి తెచ్చే వేళైంది. గంప ఎత్తాల్సిన మేనమామ లేడు.

"మావయ్య రాకపోతే నేను లెగను," అంది గంపలో కూర్చున్న నూకరత్నం.

జోగినాయుడు రెండు వీధులవతలికి పరుగెత్తాడు. మావయ్య దుప్పటి కప్పుకుని అరుగు మీద కూర్చునున్నాడు.

"వస్తానని రోజూ అన్నావు కద మావయ్యా!"

"నేనెప్పుడన్నాన్రా? నీ పేజీకే జవాబులు అప్పజెప్పీసినాను. ఎవులు పిలిచినా వస్తామంతాది. పెళ్లని ఊరంతా చెప్పినారు, నువ్వే చెప్పలేదు."

"ఇప్పుడు రా మావయ్యా."

"పిలు మరి, నోటితోటి."

లక్షమందికి పిలుపు మాటలు రాసిపెట్టిన జోగినాయుడికి ఒక్కటీ తోచలేదు.

"చెల్లి గంపలో కూకుని ఏడుస్తంది. నువ్వొస్తేనే..." అంటూ తానే ఏడ్చేశాడు.

మావయ్య దుప్పటి తీసి పడేశాడు. లోపల కొత్త పంచె, కొత్త చొక్కా.

"తెల్లారకముందే కట్టుకుని కూకున్నాన్రా యెదవా, నడు!"