ఓడకు ఊరుండదు

ఓడ ఇక ముంబయి నుంచి బయల్దేరదని పెద్దకొడుకు జహీర్ చెప్పేసరికి గులాబ్‌బీ గడప దగ్గర కూచుని బియ్యం చెరుగుతోంది.

"ఎందుకట?" అంది.

"జనం నిండుతలేరు అమ్మీ. సగం గదులు ఖాళీగనే పోతున్నయి. రేవోళ్లు కిరాయి పెంచిన్రు. వానలు పడ్డయంటే నాలుగు నెలలు కదలదాయె. కంపెనీ ఎన్నొద్దులు భరిస్తది? ఇగ దుబాయి నుంచే నడుపుతరట."

"ముంబయే దాని ఊరంటివి గదరా!"

"ఓడకు ఊరేంది అమ్మీ? యాడ జనమెక్కితే గదే దాని ఊరు."

షికారు కోసం ఎక్కేవాళ్లను తిప్పే ఓడ అది. దాని వంటింట్లో జహీర్ ఆరేళ్లుగా పనిచేస్తున్నాడు. సిద్దిపేట పెళ్లి దావతుల్లో తల్లి పక్కన నిలబడి బగారా అన్నం వండడం నేర్చుకున్న చెయ్యి అతనిది. ముంబయిలో ఎక్కి ముంబయిలోనే దిగినన్నాళ్లూ పాత కాయితాలతోనే నడిచిపోయింది.

"మరి నీ నౌకరి?"

"యాడికి పోతది? దుబాయికి పోయి ఎక్కాలె, గంతే. కొత్తగ ఒక్క కాయితం అడుగుతున్నరు. మన మీద కేసుల్లేవని పోలీసోళ్లు రాసియ్యాలె."

గులాబ్‌బీ చేతుల్లో చేట ఆగిపోయింది.

"మీ మీద కేసేముంటది?" అని నవ్వింది కోడలు సాయిమా. "కూరల ఉప్పెక్కువైందని ఎవలన్న పెడితే తప్ప!"

జహీర్ కూడా నవ్వాడు. గులాబ్‌బీ బియ్యంలోకి వంగి, లేని రాళ్లు ఏరసాగింది.

మరునాడు జహీర్ ఠాణా నుంచి ఒట్టి చేతులతో వచ్చాడు.

"నా మీద కేసుందట."

పోయినేడు తెలంగాణ కోసం హైవే మీద వంటావార్పు జరిగింది. ఊరు ఊరంతా రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే బంతులు కూచుని తిని, బండ్లను కదలనివ్వలేదు. ఆ రోజు పోలీసులు చాలామందిని జీపుల్లో ఎక్కించి సాయంత్రానికి వదిలేశారు. వాళ్లలో జహీర్ పేరుంది. తండ్రి పేరు, ఇంటి నంబరుతో సహా.

"నేను గప్పుడు సముద్రం మీదుంటి! ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టుంది."

"గదే ఎస్సైకి చెప్పకపోయిన్రా?" అంది సాయిమా.

"చెప్పిన. కొత్తగ వచ్చిండు, మంచోడే. 'ఆనాడు ఏ పేరు చెప్తే గదే రాసిన్రు తమ్మీ, కాదంటే కోర్టుల తేల్చుకోవాలె' అన్నడు. వకీలును అడిగితే రెండేండ్లన్నడు. కంపెనీ నెలాఖరు దాంకనే ఆగుతదట."

అప్పుడు మొగుడూ పెళ్లాం ఇద్దరూ నదీమ్ వైపు తిరిగారు. గులాబ్‌బీ మాత్రం పొయ్యి వైపు చూసింది.

నదీమ్ చిన్నకొడుకు. వంటావార్పు నాటికి కానిస్టేబుల్ పరుగు పందెం గట్టెక్కి, రాత పరీక్షకు చదువుతున్నాడు. ఇప్పుడు ఉద్యోగం వచ్చింది. వచ్చే వారమే ట్రైనింగ్. ఆ ఇంట్లో మొదటి సర్కారు నౌకరి.

"నేను గప్పుడు కొండపాకల మా అమ్మోళ్లింట్ల ఉంటి. ఈడ ఏమైందో నాకు తెల్వది," అంది సాయిమా. "అమ్మీ బగారా వండిందని, నువ్వు కట్టెలు మోసినవని మాత్రం అందరు చెప్పిన్రు."



"నిన్ను పట్టుకపోయిన్రా?" అన్నాడు జహీర్.

"ఔ."

"నా పేరు చెప్పినవా?"

నదీమ్ ఒక్కసారి తల్లి వైపు చూశాడు. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది.

"నేనే చెప్పిన భాయి."

జహీర్ చెయ్యి లేచింది. గాలిలోనే ఆగి కిందికి దిగింది.

"రేపు పోయి నిజం చెప్పొస్త," అన్నాడు నదీమ్. "నా ట్రైనింగ్ పోతే పోనీ."

"చెప్తే? తప్పుడు పేరు చెప్పినవని నీ మీద ఇంకో కేసు. నా కేసు తెల్లారే కొట్టేస్తరా? కోర్టు కోర్టే, రెండేండ్లు రెండేండ్లే. అన్నదమ్ములిద్దరం కూచొని అమ్మీ గంజులు తోముదమా?" జహీర్ పెట్టె వైపు నడిచాడు. "పో. ఒక్కడన్న బతుకు."

పెట్టె తెరిచి, ఓడ పేరు కుట్టిన తెల్ల ఏప్రన్ తీసి తల్లి ఒళ్లో పడేశాడు.

"మసిగుడ్డకు పనికొస్తది."

బస్టాండు దగ్గర హోటల్లో వంటమనిషి కావాలన్నారట, కనుక్కొస్తానని బయటికి నడిచాడు.

"సొంత అన్న నోటికాడి కూడు గుంజినోడు రేపు దొంగలను పడతడట!" అంది సాయిమా. అన్నం వడ్డించేటప్పుడు ఆమె నదీమ్ పళ్లెం ముట్టలేదు. నదీమ్ తనే లేచి పెట్టుకుని, గోడ వైపు తిరిగి తిన్నాడు.

గులాబ్‌బీ ఏప్రన్‌ను నాలుగు మడతలు పెట్టింది. దాంతోనే పొయ్యి మీద కాలుతున్న నీళ్ల గంజు పట్టుకుని దించింది. చేతులు కాలినా వెంటనే వదల్లేదు.

ఆ రోజు చేతిలో గంటెతోనే జీపు వెంట ఠాణా దాకా పరుగెత్తి, 'వీని పేరేంది' అని వాళ్లడిగితే నదీమ్ నోరు తెరవకముందే, సముద్రం నడుమ ఉన్నోణ్ని ఎవరేం చేస్తారులే అనుకుని, 'జహీర్' అని చెప్పింది గులాబ్‌బీయే.