చేపుకు రాని పాలు

ఒక దొడ్లో ఓ పడుచు మేక తొలిసారి ఈనింది. పిల్ల పొదుగును ఎంత కుమ్మినా పాలు రాలేదు. ఆకలికి దాని కాళ్లు తడబడుతున్నాయి.

"ఏం తల్లివే నువ్వు? పాలివ్వు, పిల్ల చచ్చిపోతోంది!" అని కోడిపుంజు గోడ మీద నుంచి అరిచింది. కుక్క కూడా చుట్టూ తిరుగుతూ మొరిగింది. మేక గడగడ వణికిపోయింది.

ముసలి గేదె లేచి వచ్చి, ఆ రెంటికీ మేకకీ మధ్య అడ్డంగా నిలబడింది.

"నాకు పాలు లేవత్తా," అంది మేక ఏడుస్తూ.

"పొదుగు నిండుగానే ఉంది కదే పిల్లా! మన మెదడు కింద పిట్యూటరీ అని చిన్న గ్రంథి ఉంటుంది. అది నెత్తురులోకి హార్మోను వదిలితేనే పాలు చేపుకొచ్చి చన్నుల్లోకి దిగుతాయి. నువ్వు బెదిరిపోతే అది వదలదు."

"మరి దాన్నెలా వదలమనేది?"

"మనం చెబితే వినదు. వీళ్ల గోల మరిచిపోయి నీ బిడ్డను నాకుతూ ఉండు."

మేక కళ్లు మూసుకుని బిడ్డ ఒళ్లు వాసన చూసింది. మెల్లగా నాకింది. కాసేపటికి పొదుగు జివ్వుమంది. పిల్ల గుటకలు వేయసాగింది.

"చూశారా, నేను అరిస్తేనే వచ్చాయి!" అంది పుంజు.

మేకకు ఆ మాట వినపడనే లేదు.